పచ్చ లైటు వెలుగుతోందా, అమ్మాయీ

పెద్దదానా, చిన్నోడా,

ఈ సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. దాచాలని కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. పెద్దదాని డ్రైవింగ్ క్లాసుల ఫారం మీద నిన్న సంతకం పెట్టేశాను. నాలుగు రోజులు ఎందుకు నాన్చానని మీ నాన్న అడగలేదు. ఆయనకి తెలుసు. సోమవారం మొదటి క్లాసు కదా, ఆలోగా మీరిది చదవాలి. ఇద్దరూ ఒకచోట కూర్చుని, వెలుతురు ఉండగానే చదవండి. మధ్యలో ఆపి నాకు ఫోన్ చెయ్యొద్దు. డ్యూటీలో ఫోన్ ఎత్తనివ్వరు.

పెద్దదానా, అప్పటికి నీకు అయిదేళ్ళు. చిన్నోడు నా కడుపులో నాలుగో నెల. మన అనేవాళ్ళెవరూ లేని ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే ఒక పూట కనిపెట్టుకుని ఉండడానికి పిన్ని లేదు, అత్త లేదు, పక్కింటివాళ్ళ పేరైనా తెలియదు. ఏం జరిగినా మేమిద్దరమే. అందుకని నేను గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసేదాన్ని. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు ప్రతి ప్లగ్గూ ఊడదీసేదాన్ని. నా ఉద్యోగం కూడా అలాంటిదే అని మీకు తెలుసు, మందుల గోడౌన్లో గడువు తేదీలు చూడడం. "రోజూ పెట్టెల మీద చూసి చూసి, ఇంటికొచ్చి నా మెడ వెనకాల కూడా గడువు తేదీ వెతుకుతుంది" అని మీ నాన్న తన తోటివాళ్ళతో చెప్పి నవ్వించేవాడు.

ఆ ఇల్లు తక్కువ అద్దెకి దొరికింది. కింద వంటిల్లు, దాని పక్కన ఒక చిన్న గది, పైన పడకగది. వంటింట్లో ఒక మూల తలుపు. అది తెరిచి మూడు మెట్లు దిగితే గ్యారేజీ. గ్యారేజీలో ఇంటావిడ కారు, బూడిదరంగు కవరు కప్పుకుని, ముక్కు లోపలి గోడ వైపు, వెనక భాగం షట్టర్ వైపు పెట్టి ఉండేది. అద్దె తక్కువకి కారణం ఆ కారే. దాన్ని అక్కడే ఉండనివ్వాలి, దానికి తగిలించిన చార్జర్ ఎప్పుడూ తీయకూడదు. ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే.

ఇంటావిడకి డెబ్బై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయి, మెట్లు ఎక్కలేక, ఊరికి అవతల ముసలివాళ్ళ కోసం కట్టిన ఒక చోటుకి మారిపోయింది. తాళాలు ఇచ్చిన రోజు గోడ పట్టుకుని ఆ మూడు మెట్లూ దిగి, చార్జర్ ఎలా పనిచేస్తుందో నాకు చూపించింది. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. దాంట్లోంచి రెండు వైర్లు బానెట్ సందులోంచి లోపలికి పోయి బ్యాటరీకి బిగించి ఉన్నాయి. ఇంకో వైరు గోడ ప్లగ్గుకి. నిలబెట్టేసిన బండి బ్యాటరీ తనంతట తనే కొద్దికొద్దిగా దిగిపోతుందట. పోయినంత మేరకే ఇది బొట్టుబొట్టుగా ఎక్కిస్తుందట. "బ్యాటరీకి ఇది సెలైన్ అనుకో అమ్మాయీ" అంది. నిండి ఉంటే పచ్చ లైటు, ఎక్కుతుంటే పసుపు లైటు.

ఎవరూ నడపని బండికి బ్యాటరీ ఎందుకండీ అని అడిగాను. ఆవిడ కవరు మీద దుమ్ము చేత్తో తుడిచి, "మా ఆయనది" అంది. ఆయన డ్రైవింగ్ మాస్టారు. పోయి తొమ్మిదేళ్ళు అయింది. నేర్చుకునేవాళ్ళ బండి కాబట్టి అందులో మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందని, అలాంటి బండ్లు ఇప్పుడు బాగా తగ్గిపోయాయని మీ నాన్న తర్వాత చెప్పాడు. నాకు ఆ బండి మీద ఏ ఆసక్తీ లేదు. నా ధ్యాసంతా ఆ నల్ల డబ్బా మీదే ఉండేది.

ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి ఆవిడ ఫోన్ చేసేది. పిల్ల ఎలా ఉంది, నీకు వాంతులు తగ్గాయా అని అడిగి, చివర్న అసలు మాట అడిగేది.

"పచ్చ లైటు వెలుగుతోందా, అమ్మాయీ?"

నేను మెట్లు దిగి చూసి, వెలుగుతోందండీ అనేదాన్ని. అప్పుడుగానీ ఆవిడ ఫోన్ పెట్టేది కాదు.

ఆ ఇంట్లో చేరిన మూడో నెలలో ఒకరోజు ఆ డబ్బా వెనకాల అంటించిన కాగితం చదివాను. చదవకుండా ఉండాల్సింది. కానీ ఏదైనా రాసి ఉంటే చదవకుండా ఉండలేను కదా. పిల్లలకి అందకుండా ఉంచాలి, గాలి ఆడే చోట వాడాలి, మనిషి కనిపెట్టుకుని ఉండగానే వాడాలి అని మూడు ముక్కలున్నాయి. మన ఇంట్లో మూడింటికీ మూడూ తప్పే. షట్టర్ ఎప్పుడూ మూసే ఉంటుంది. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. రాత్రి దానికి సరిగ్గా పైగదిలో నువ్వు నిద్రపోతున్నావు. డబ్బా మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఇక నాకు నిద్ర పట్టలేదు. మీ నాన్న అది అంతే వెచ్చగా ఉంటుందని, లక్షలమంది వాడుతున్నారని చెప్పాడు. లక్షలమంది పిల్లలు ఆ గది పైన పడుకోవడం లేదు కదా అన్నాను.

ఇంటావిడని అడిగితే ఒప్పుకోదు. తీసేస్తే మాట తప్పినట్టవుతుంది. అందుకని మధ్యే మార్గంగా ఒక టైమర్ ప్లగ్గు కొన్నాను. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా, నేను వంటింట్లో ఉండే రెండు గంటలే చార్జర్‌కి కరెంటు అందేలా పెట్టాను. నిలబెట్టిన బండికి రోజుకి రెండు గంటలు చాలా ఎక్కువ. కాగితం మీద లెక్క వేసి, మీ నాన్నకి చూపించి, ఆయన చేత సరే అనిపించుకుని మరీ పెట్టాను. లెక్క తప్పలేదు. ఆ బండి రోజూ సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా ఏదో వాడుకుంటోందని నాకు తెలియదు, అంతే. ఆ వేళకి మనం ఎవరమూ ఇంట్లో ఉండేవాళ్ళం కాదు. నేను నిన్ను బడి దగ్గర ఎక్కించుకుని, రెండు బస్సులు మారి వచ్చేసరికి ఆరుంబావు. ఆదివారాలు ఆ వేళకి సరుకుల కోసం బజార్లో ఉండేవాళ్ళం.

టైమర్ పెట్టిన మొదటి ఆదివారం లైటు పసుపుగా ఉంది. ఎక్కుతోంది కదా, మంచిదే అనుకున్నాను. ఆవిడ అడిగినప్పుడు, వెలుగుతోందండీ అన్నాను. రంగు చెప్పలేదు. తర్వాతి ఆదివారం కూడా పసుపే. మూడో ఆదివారమూ అంతే. ఒక్కసారైనా ఆవిడకి నిజం చెప్పి ఉంటే మీకీ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇరవై మూడో రోజు నీకు జ్వరం వచ్చింది. నేను సెలవు పెట్టాను. చలికాలం, దానికి తోడు పొద్దుటినుంచీ ముసురు. నాలుగున్నరకే దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. నువ్వు మందు వేసుకుని వంటింటి పక్క గదిలో ముసుగు పెట్టి పడుకున్నావు. నేను పాలు కాస్తూ నిలబడ్డాను. కిటికీ పైన రేకు మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

పాలు పొంగాయి. దించి, వెనక్కి తిరిగాను.

గ్యారేజీ తలుపు కింది సందులో ఎర్రటి గీత కనిపించింది.

నిప్పు అంటుకుందనుకున్నాను. నేను మూడు వారాలుగా భయపడ్డది అదే కాబట్టి వెంటనే అదే తట్టింది. తలుపు తెరిచాను. పొగ లేదు. వేడి లేదు. తడిసిన రబ్బరు వాసన, పాత సీటు గుడ్డ వాసన, వాటి మధ్య సన్నగా పిప్పర్మెంటు బిళ్ళ వాసన. ఎవరో అప్పుడే నోట్లో వేసుకున్నట్టు.

కారు వెనక లైట్లు రెండూ వెలుగుతున్నాయి. కవరు లోపల్నించి ఎర్రగా, షట్టర్ మీద పడుతూ. బ్రేకు తొక్కితే వెలిగే లైట్లు అవి. అవి గట్టిగా వెలగడం లేదు. ఆరిపోబోయే బొగ్గుల్లా ఉన్నాయి. చూస్తుండగానే ఒకసారి బాగా తగ్గి, మళ్ళీ కొంచెం లేచాయి.

గడియారం అయిదూ పన్నెండు చూపిస్తోంది.

ఇంటావిడకి ఫోన్ చేశాను. ఎందుకో గొంతు తగ్గించే మాట్లాడాను. ఆవిడ కూడా అంతే. వెనక లైట్లు వెలుగుతున్నాయండీ అంటే ఆవిడ ఆశ్చర్యపోలేదు. "ఎర్రగా ఉన్నాయా, వెలిసిపోయినట్టున్నాయా?" అని అడిగింది.

"వెలిసిపోయినట్టున్నాయండీ."

"అలా ఎందుకుంటాయి?"

అప్పుడు చెప్పాను. టైమర్, రెండు గంటలు, పసుపు లైటు, అంతా. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మాస్టారి ఆఖరి పాఠం ఇలాంటి ముసురు రోజే, సాయంత్రం అయిదింటికి. నేర్చుకుంటున్న అమ్మాయి నడుపుతోంది. ఒక చిన్నపిల్ల రోడ్డుకి అడ్డం వచ్చింది. మాస్టారు తన వైపు బ్రేకు తొక్కాడు. తొక్కాడు కానీ ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా ఆయన బండి దిగలేదు. బ్రేకు మీంచి కాలు తీయలేదు. ఆరింటికి ఆ సీట్లోనే గుండె ఆగింది. ఇద్దరు మనుషులు పట్టి ఆయన కాలు పైకెత్తాల్సి వచ్చింది. మర్నాడు సాయంత్రం అయిదింటికి, ఎవరూ లేని బండికి వెనక లైట్లు వెలిగాయి. ఆ రోజునుంచీ ప్రతిరోజూ.

"అద్దంలో ఆ ఎరుపు కనిపిస్తే తన కాలు బ్రేకు మీదే ఉందని ఆయనకి తెలుస్తుంది. అది ఆరిపోతే... తన కాలు పనిచెయ్యడం లేదనుకుని వదిలేస్తాడు" అంది. ఆవిడ ఏడేళ్ళు రోజూ సాయంత్రం వెళ్ళి ఆయన సీట్లోనే కూర్చునేదట, తన కాలు కూడా వేసి. మోకాళ్ళు పోయాక, ఇక తను వెళ్ళలేక, చార్జర్ కొన్నదట.

వదిలేస్తే ఏమవుతుందండీ అని అడిగాను.

"అమ్మాయీ, పాప ఎక్కడుంది?"

గదిలో ముసుగు దుప్పటి అలాగే ఉంది. ఎత్తి చూశాను. నువ్వు లేవు. పక్క ఇంకా వెచ్చగానే ఉంది. నేను గ్యారేజీ గుమ్మంలోనే నిలబడి ఫోన్ మాట్లాడుతున్నానే... నన్ను దాటి ఎలా వెళ్ళావో ఇప్పటికీ తెలియదు.

"అమ్మా" అని వినిపించింది. గ్యారేజీలోంచి.

మెట్లు దిగాను. ముందు టైమర్ పీకేసి చార్జర్‌ని నేరుగా గోడకి గుచ్చాను. పసుపు లైటు వెలిగింది. కారు మీంచి కవరంతా జారిపోయి ముందు వైపు కుప్పలా పడి ఉంది. దాని అవతల, గోడకీ బంపర్‌కీ మధ్య నువ్వు నిలబడి ఉన్నావు. ఆ సందులో మామూలుగా నేను చీపురు పట్టుకుని తిరిగి ఊడ్చేదాన్ని. ఇప్పుడు అక్కడ నీకు తప్ప చోటు లేదు. బంపర్ నీ తొడలకి ఆనుకుని ఉంది. వీపు గోడకి ఆనుకుని ఉంది.

నొప్పి పుడుతోందా అని అడిగాను. తల అడ్డంగా ఊపావు. చంకల కింద చేతులు వేసి పైకి లాగాను. రాలేదు. బానెట్ మీద రెండు చేతులూ పెట్టి తోశాను. గోడని తోసినట్టే ఉంది. ఇంజన్ ఆగే ఉంది. తాళం చెవి కూడా ఆ బండిలో లేదు.

షట్టర్ మీద ఎరుపు తగ్గింది.

బంపర్ నా కళ్ళెదుట ముందుకి జరిగింది. వెంట్రుక మందం. నువ్వు ఉఫ్ అన్నావు. ఎరుపు మళ్ళీ లేచింది. బండి ఆగింది.

మీకు అర్థమవుతోందా... చార్జర్ బొట్టుబొట్టుగా పోస్తోంది. ఆ రెండు లైట్లు చెంబుతో తోడేస్తున్నాయి. నేను రోజుకి ఇరవై నాలుగు గంటలు ఇవ్వాల్సింది రెండు గంటలకి కోసేశాను. ఇప్పుడు గోడలో ఉన్న కరెంటంతా కలిపి ఇద్దామన్నా ఆ డబ్బా బొట్టు కంటే ఎక్కువ ఇవ్వదు. అంత సన్నగా ఇవ్వడానికే దాన్ని తయారుచేశారు.

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. అందులోంచి ఆవిడ గొంతు వస్తోంది. "ఆయన వైపు తలుపు తీసే ఉంటుంది. వెళ్ళి కూర్చో. కాలు వెయ్యి. ఆరు దాకా తియ్యకు."

నిన్ను వదిలి వెళ్ళాలి. నాలుగు అడుగులే. నువ్వు నా చీర కొంగు పట్టుకోలేదు, ఏడవలేదు. అది చూసి నాకింకా భయమేసింది.

తలుపు లాగితే వచ్చింది. సీట్లో కూర్చున్నాను. గుడ్డ చల్లగా ఉంది. కానీ స్ప్రింగులు అప్పటికే దిగి ఉన్నాయి, నాకంటే ముందు ఎవరో కూర్చుని ఉన్నట్టు. హ్యాండ్‌బ్రేకు తడిమాను. అది పూర్తిగా పైకి లాగే ఉంది. కాళ్ళ దగ్గర చీకటి. చెప్పు విడిచి, పాదంతో పెడల్ కోసం వెతికాను.

పెడల్ తగల్లేదు. బూటు తగిలింది.

తోలు బూటు. దాని లోపల కాలు ఉంది. వణుకుతోంది. చాలాసేపు బరువు మోసి మోసి ఇక నా వల్ల కాదన్నట్టు వణికే కాలు.

నా పాదం దాని మీద పెట్టి తొక్కాను. కడుపులో చిన్నోడు ఉన్నాడని కూడా ఆలోచించలేదు. వీపు సీటుకి ఆనించి, ఒంట్లో ఉన్న బరువంతా ఆ కాలి మీద వేశాను. వెనక్కి చూసే అద్దంలో షట్టర్ కనిపిస్తోంది. ఎర్రగా. అయిదూ ఇరవై అయింది.

నా పక్కన, నడిపేవాళ్ళ సీట్లో, గుడ్డ కదిలిన చప్పుడు.

నేను అటు తిరగలేదు. తిరిగితే కాలు వదిలేస్తానని తెలుసు. స్టీరింగ్ చక్రం కొంచెం ఇటు, కొంచెం అటు తిరిగింది. ఆత్రంగా ఉన్న మనిషి వేళ్ళు ఆడించినట్టు. తర్వాత గుసగుసగా...

"వెళ్దామా మాస్టారూ?"

ఆడగొంతు. మర్యాదగానే అడిగింది. ఆ గొంతు నాకు తెలిసినట్టే అనిపించింది.

నా పాదం కింద బూటు బిగుసుకుంది.

కాసేపటికి మళ్ళీ. "వెళ్దామా?"

లెక్కపెట్టాను పెద్దదానా. మొదట్లో నాలుగైదు నిమిషాలకి ఒకసారి అడిగింది. తర్వాత నిమిషానికి ఒకసారి. ప్రతిసారీ ఎరుపు తగ్గేది, బానెట్ మీద నీ చేతులు కొంచెం పైకి జరిగేవి. పగలగొట్టడానికి అక్కడేమీ లేదు. అరిస్తే వినేవాళ్ళు లేరు. మీ నాన్నకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఆయన ఫోన్ బీరువాలో ఉంటుంది. నా దగ్గర ఉన్నది ఒక్క కాలే. ఆ కాలు తిమ్మిరెక్కి, మొద్దుబారి, నాది అవునో కాదో తెలియకుండా పోయింది. తొక్కుతున్నానా లేదా అని అద్దంలో చూసుకునేదాన్ని. ఎరుపు ఉంటే తొక్కుతున్నట్టు. అప్పుడు నాకు మాస్టారి పరిస్థితి అర్థమైంది.

నువ్వు నాకు సరిగ్గా ఎదురుగా ఉన్నావు. బండి ముందు అద్దంలోంచి నీ ముఖం కనిపిస్తూనే ఉంది. జ్వరానికి బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి. "అమ్మ ఇక్కడే ఉంది బంగారం, కదలకు" అని అంటూనే ఉన్నాను.

నువ్వు నా వైపు చూడడం లేదు.

నా పక్క సీటు వైపు చూస్తున్నావు. చూసి, "అమ్మా" అన్నావు. చూసి, నవ్వావు.

అయిదూ యాభైకి ఎరుపు నిప్పురవ్వంత అయింది. "వెళ్దామా" అన్న మాట ఇక ఆగడం లేదు. గుక్క తిప్పుకోకుండా, ఒకదాని మీద ఒకటి... నేను రెండో కాలు కూడా వేశాను. బూటు లోపల ఎముక కదలడం పాదానికి తెలిసింది. కొంచెం ఓపిక పట్టండి మాస్టారూ, కొంచెం, కొంచెం అని బతిమాలాను. నా గొంతూ పక్క గొంతూ కలిసిపోయి, ఏది ఎవరిదో తెలియకుండా పోయింది.

వంటింట్లో గడియారం ఆరు కొట్టింది.

పాదాల కింద బూటు లేదు. పెడల్ ఉంది. ఎరుపు ఆరిపోయింది. ఎదుట నుంచి నీ ఏడుపు వినిపించింది. అంతసేపటిలో మొదటిసారి ఏడ్చావు. వెళ్ళి ఎత్తుకుంటే తేలిగ్గా వచ్చేశావు. బంపర్‌కీ నీకూ మధ్య నేను దూరేంత చోటుంది.

మీ నాన్న ఆరుంబావుకి వచ్చేసరికి నేను నిన్ను ఒళ్ళో పెట్టుకుని వంటింటి నేల మీద కూర్చుని ఉన్నానట. టార్చి పట్టుకుని గ్యారేజీ అంతా చూసి వచ్చాడు. టైర్ల చుట్టూ నేల మీద పేరుకున్న దుమ్ము చెదరలేదని చెప్పాడు. బండి అంగుళం కూడా కదల్లేదు. కానీ నీ గౌను మీద అడ్డంగా బంపర్ మట్టి ఉంది, తొడల మీద కమిలిన గీత ఉంది. ఆయన ఆ గీతని చాలాసేపు చూశాడు. జోకులేమీ వెయ్యలేదు. ఆ రాత్రంతా చార్జర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పది రోజుల్లో ఇల్లు ఖాళీ చేశాం. ఆ పది రోజులూ సాయంత్రం నిన్ను ఇంటికి తీసుకురాలేదు. మేం వెళ్ళేనాటికి లైటు పచ్చగా ఉంది. ఈ ప్లగ్గు ఎవరూ, ఎప్పుడూ, ఏ కారణానికీ తీయకూడదు అని పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాను. ఇంటావిడకి క్షమాపణ చెప్పడానికి వెళితే ఆవిడ నన్నేమీ అనలేదు. ఆ రోజు నడిపిన అమ్మాయి చనిపోయిందా అండీ అని అడిగాను. అదేం మాట, నిక్షేపంలా ఉంది, ఇద్దరు పిల్లలు, పోయిన నెల వచ్చి చూసి వెళ్ళిందని చెప్పింది. మరి పక్క సీట్లో ఎవరండీ అని అడిగాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఏడేళ్ళు కూర్చున్నా తను ఎప్పుడూ అటు తిరిగి చూడలేదని చెప్పింది. తర్వాత రెండేళ్ళకి ఆవిడ పోయింది. ఇల్లు ఎవరు కొన్నారో, ఆ బండి ఏమైందో, ఎవరైనా నా కాగితం చదివారో లేదో తెలియదు. తెలుసుకోవడానికి ఫోన్ నంబరైనా లేదు. ఇప్పటికీ సాయంత్రం అయిదైతే నా కుడి పాదం చల్లబడుతుంది. అది నాకు అలవాటైపోయింది.

అలవాటు కానిది ఇంకొకటి ఉంది. అసలు ఈ ఉత్తరం దాని కోసమే.

ఇల్లు మారాక ఒకరోజు నీకు జడ వేస్తూ, ఆ రోజు జ్వరంలో లేచి గ్యారేజీలోకి ఎందుకు వెళ్ళావమ్మా అని అడిగాను. నువ్వు దువ్వెనతో ఆడుకుంటూ, నాకు తెలిసిన సంగతే గుర్తుచేస్తున్నట్టు చెప్పావు.

"నువ్వే పిలిచావుగా. కార్లోంచి."

నేను పక్క సీట్లో ఉన్నాను కదా, నడిపే చోట కాదు కదా అన్నాను.

"రెండు చోట్లా నువ్వే ఉన్నావు. ఇటువైపు అమ్మ ఏడుస్తోంది. అటువైపు అమ్మ నవ్వుతోంది. నవ్వే అమ్మ రమ్మంటోంది."

ఆ తర్వాత నువ్వు అదంతా మర్చిపోయావు. నేను గుర్తుచెయ్యలేదు.

పెద్దదానా, బండి బాగా నేర్చుకో. చిన్నోడా, అక్కని ఏడిపించకు. రేపు మీకు పిల్లలు పుడితే వాళ్ళకి ఈ కథ చెప్పండి. భయపడతారని మానెయ్యొద్దు. వాళ్ళ పిల్లలకి కూడా చెప్పమనండి. కనిపించని చోటు నుంచి అమ్మ పిలిస్తే, వెళ్ళేముందు ఇల్లంతా తిరిగి అమ్మ ఎక్కడుందో చూసుకోమనండి. ఎప్పుడైనా ఇద్దరమ్మలు కనిపిస్తే, ఏడుస్తున్న అమ్మ దగ్గరికి వెళ్ళమనండి.